డెబియన్ చెరువుకు నీరటికాళ్ళు

2024 జులైలో మా ఆఫీసుకి ఒక సెక్యూరిటీ ఆడిట్ రిపోర్టు వచ్చింది. మొదటి పేజీలోనే ఎర్ర రంగులో ఒక పెట్టె. సర్వర్లన్నిటిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ కావడానికి వాడే సాఫ్ట్‌వేర్) 9.2 ఉంది, ఇది ప్రమాదకరం, వెంటనే 9.8కి మార్చండి అని. మేనేజరుకి టెన్షన్ పట్టుకుంది. "ఏడాదిన్నర కిందటి సాఫ్ట్‌వేర్ మీద బండి నడుపుతున్నామా?" అని నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

నేను సర్వర్‌లోకి వెళ్ళి వర్షన్ నంబరు పూర్తిగా తీసి చూపించాను. 1:9.2పీ1-2+డెబ్12యూ3. ఆడిట్ చేసిన సాఫ్ట్‌వేర్ ఇందులో మధ్య ముక్క ఒక్కటే చదివింది. అసలు సంగతి తోకలో ఉంది.

ఈ నంబర్ని విడదీస్తే ఒక వ్యవస్థ మొత్తం బయటపడుతుంది. 9.2పీ1 అన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రాసినవాళ్ళు పెట్టిన నంబరు. దాని పక్కన గీత తర్వాత ఉన్న 2, ఆ సాఫ్ట్‌వేర్‌ని డెబియన్‌వాళ్ళు (మా సర్వర్లలో నడిచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని తయారుచేసేవాళ్ళు) రెండోసారి ప్యాకేజీగా, అంటే ఇన్‌స్టాల్ చేసుకునే మూటగా, కట్టారని చెబుతుంది. ఇక +డెబ్12యూ3 అంటే డెబియన్ 12 విడుదలయ్యాక ఈ ప్యాకేజీకి జరిగిన మూడో మరమ్మతు. ముందున్న 1: మాత్రం వర్షన్ల లెక్కని ఎప్పుడో ఒకసారి కొత్తగా మొదలుపెట్టారనడానికి గుర్తు, దాన్ని వదిలేయొచ్చు. ఆడిటర్లు భయపడిన లోపం 2024 జులై 1న బయటపడింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ బృందం 9.8తో దాన్ని సరిదిద్దింది. అదే రోజు డెబియన్‌లో కూడా సవరణ వచ్చేసింది. కొత్త వర్షన్ తీసుకోకుండా, ఆ ఒక్క లోపానికి సంబంధించిన సవరణని మాత్రం పాత 9.2లో కుట్టారు. ఆ కుట్టుకే యూ3 అని పేరు. మా సర్వర్లు ఆ ఎర్ర పెట్టె రావడానికి ముందే క్షేమంగా ఉన్నాయి.

"ఇదంతా ఎవరు చేశారు? వాళ్ళకి మనం ఎంత కడుతున్నాం?" అని మేనేజర్ అడిగాడు. ఏమీ కట్టడం లేదన్నాను. నమ్మలేదు. అతన్ని తప్పుపట్టలేను, నాకూ కొన్నేళ్ళపాటు ఇది అర్థం కాలేదు.

డెబియన్‌ని 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. అప్పటి స్నేహితురాలు డెబ్రా పేరుకి తన పేరు కలిపి దానికి పేరు పెట్టాడు. 2025 ఆగస్టులో 13వ వర్షన్ వచ్చింది, అందులో దాదాపు 70 వేల ప్యాకేజీలు ఉన్నాయి. వీటిని చూసుకునే అధికారిక డెవలపర్లు వెయ్యి మందికి అటూ ఇటూ, వాళ్ళకి తోడు ఆ హోదా లేకుండా పనిచేసేవాళ్ళు మరికొందరు. నాకు డెబియన్‌తో పని లేదు, నేను ఉబుంటు వాడతాను అంటారేమో. ఉబుంటు తన ప్యాకేజీల్లో చాలా భాగం డెబియన్ నుంచే తీసుకుంటుంది. రాస్ప్‌బెరీ పై అనే చిట్టి కంప్యూటర్ మీద నడిచేదీ డెబియన్ పిల్లే. హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఒక కుర్రాడు తన ప్రోగ్రాంని పెట్టెలో పెట్టి నడపడానికి డాకర్ ఫైల్ మొదటి లైన్లో "ఫ్రమ్ పైథాన్" అని రాసినా, అడుగున లేచేది డెబియనే.

ఈ సంస్థకి ఒక రాజ్యాంగం ఉంది, నిజంగానే ఆ పేరుతో. అందులో నాకు బాగా నచ్చే నిబంధన, ఈ రాజ్యాంగం ఎవరి మీదా పని చేసి తీరాలనే బాధ్యత మోపదు అనేది. అప్పగించిన పని చేయడం ఇష్టం లేకపోతే చేయనక్కర్లేదు. కాకపోతే నియమాల ప్రకారం జరిగిన నిర్ణయాలకి అడ్డుపడకూడదు. అంతే. ఏటా ఓట్లు వేసి ప్రాజెక్టు లీడర్‌ని ఎన్నుకుంటారు గానీ, ఆ లీడర్ కూడా ఎవరినీ "రేపటికల్లా ఇది పూర్తి కావాలి" అనలేడు. మన ఇళ్ళలో పెళ్ళి పనులు కూడా ఇంత స్వేచ్ఛగా జరగవు. అక్కడ కనీసం పెద్దమ్మ కేకలేస్తుంది.

మరి పని ఎలా జరుగుతోంది?

ముందు ఆ పని ఏమిటో చూడాలి. ప్యాకేజీ మెయింటెయినర్ అనగానే ప్రోగ్రాం రాసేవాడని అనుకుంటాం. చాలా సందర్భాల్లో అతను ఆ ప్రోగ్రాంలో ఒక్క లైను కూడా రాసి ఉండడు. రాసినవాళ్ళని ఈ వృత్తిలో అప్‌స్ట్రీమ్ అంటారు. మన మాటల్లో ఎగువవాళ్ళు. మనలాంటి వాడుకదారులం దిగువన ఆయకట్టులో ఉంటాం. మధ్యలో, తూము దగ్గర ఉండే మనిషి మెయింటెయినర్. తెలంగాణ చెరువుల దగ్గర ఆ మనిషిని నీరటి అనేవారు, రాయలసీమలో నీరుగంటి. వాన కురిపించేది అతను కాదు, పంట పండించేదీ అతను కాదు. తూము ఎప్పుడు తెరవాలి, ఎంత వదలాలి, కట్టకి ఎక్కడ నెర్ర పడిందో చూడటం అతని పని. నీరటికి పంటలో వాటా దక్కేది. ఇక్కడ అదీ లేదు.

ఎగువ నుంచి వచ్చిన సోర్స్ కోడ్‌కి మెయింటెయినర్ డెబియన్ అనే పేరుతో ఒక చిన్న ఫోల్డర్ జతచేస్తాడు. అతని శ్రమ చాలావరకు అందులోనే ఉంటుంది. కంట్రోల్ అనే ఫైల్లో ఈ ప్రోగ్రాం నడవడానికి ఇంకేమేం కావాలో రాస్తాడు. రూల్స్ అనే ఫైల్లో దీన్ని ఎలా కట్టాలో ఉంటుంది. ఛేంజ్‌లాగ్‌లో ఏం మారింది, ఎందుకు మారింది, ఎవరు మార్చారు అని ఉంటుంది. చివరి లైన్లో మెయింటెయినర్ పేరు, ఈమెయిల్, తేదీ. ఈమెయిల్‌కీ తేదీకీ మధ్య సరిగ్గా రెండు ఖాళీలు ఉండాలి. ఒకటే పెడితే పనిముట్లు గొణుగుతాయి. మొదటిసారి ప్యాకేజీ కట్టినప్పుడు నేను ఒక సాయంత్రం అంతా ఆ ఒక్క ఖాళీ కోసం వెతికాను.

వీటన్నిటిలోకీ విసుగు పుట్టించేది కాపీరైట్ అనే ఫైలు. సోర్స్ కోడ్‌లో ఉన్న ప్రతి ఫైలూ ఎవరిది, ఏ లైసెన్సు కింద ఉందో అందులో రాయాలి. ఎవరో 20 ఏళ్ళ కిందట రాసిన చిన్న లైబ్రరీని ఇంకెవరో తమ ప్రోగ్రాంలోకి కాపీ చేసుకుని ఉంటారు. దాని లైసెన్సులో "వ్యాపారానికి వాడకూడదు" అని ఒక మాట నక్కి ఉంటుంది. ఆ మాట ఉంటే డెబియన్ ప్రధాన భాండాగారంలో దానికి చోటు లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో 1997లో రాసుకున్న నియమాల్లో ఇది స్పష్టంగా ఉంది. కొత్త ప్యాకేజీ ఏదైనా సరే, ముందు ఒక క్యూలో నిలబడుతుంది. ఒక చిన్న బృందం లైసెన్సులన్నీ తనిఖీ చేసి లోపలికి పంపుతుంది. ఆ క్యూలో వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ కోసం తిరిగినవాళ్ళకి ఈ అనుభవం కొత్తగా అనిపించదు. ఒక తేడా ఉంది. ఇక్కడ కౌంటర్ అవతల కూర్చున్నవాడూ జీతం లేనివాడే.

కట్టిన ప్యాకేజీని పంపేటప్పుడు మెయింటెయినర్ తన డిజిటల్ కీతో సంతకం చేస్తాడు. ఆ కీ ఫలానా మనిషిదే అని ఎలా నమ్మడం? ఇప్పటికే డెవలపర్లుగా ఉన్నవాళ్ళు అతన్ని ముఖాముఖి కలిసి, పాస్‌పోర్టు లాంటి గుర్తింపు కార్డు చూసి, ఆ కీ మీద తాము సంతకం పెడతారు. ప్రపంచం నలుమూలలా ఉన్నవాళ్ళు ఏటా జరిగే డెబ్‌కాన్ఫ్ అనే సభలో కలుసుకుంటారు. 2023 సెప్టెంబరులో అది కొచ్చిలో జరిగింది. అధికారిక డెవలపర్ హోదా రావడానికి ఇంకా చాలా ఉంది. చేసిన పని చూపించాలి, విధానాల మీద ప్రశ్నలకి జవాబులు చెప్పాలి, పాతవాళ్ళు హామీ ఇవ్వాలి. అప్పటిదాకా కొత్తవాడి ప్యాకేజీని హోదా ఉన్న ఒకరు పరిశీలించి, తన సంతకంతో ఎక్కిస్తారు.

ఇక పని ఎలా జరుగుతుందన్న ప్రశ్న. జవాబు తూముల వరుసలో ఉంది. అప్‌లోడ్ అయిన ప్యాకేజీ నేరుగా మన దగ్గరికి రాదు. ముందు అన్‌స్టేబుల్ అనే తొట్టిలో పడుతుంది. దాని ముద్దు పేరు సిడ్, ఒక యానిమేషన్ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లవాడి పేరు అది. మామూలుగా కొన్ని రోజులు అక్కడ ఉండి, పెద్ద బగ్గులేవీ రాకపోతే, పరీక్షలు పాసైతే, టెస్టింగ్ అనే రెండో తొట్టిలోకి దానంతట అదే దిగుతుంది. రెండేళ్ళకోసారి ఆ టెస్టింగ్‌ని నెలల తరబడి ఫ్రీజ్ చేసి, బగ్గులు ఏరి, స్టేబుల్ అని విడుదల చేస్తారు. మా సర్వర్లలో ఉన్నది అదే.

ఇందులో నాకు తెలివిగా అనిపించే ఏర్పాటు ఒకటుంది. ఒక ప్యాకేజీకి విడుదలని ఆపేంత పెద్ద బగ్ వచ్చి, కొన్ని వారాలు గడిచినా ఎవరూ పట్టించుకోకపోతే, మరీ కీలకమైనది కాకపోతే, ఆ ప్యాకేజీ టెస్టింగ్ నుంచి దానంతట అదే తొలగిపోతుంది. దాని మీద ఆధారపడ్డ ప్యాకేజీలన్నీ కూడా దానితోపాటే పోతాయి. ముందుగా వాటి మెయింటెయినర్లందరికీ ఈమెయిల్ వెళ్తుంది. ఇక చూడండి. ఎవరూ ఎవరికీ ఆర్డర్ వేయలేదు. కానీ ఉమ్మడి గోడ కూలబోతోందని తెలిస్తే పక్కింటివాడు తాపీ పట్టుకుని వస్తాడు కదా. మెయింటెయినర్ పలకకపోతే వేరేవాళ్ళు ఆ ఒక్క బగ్ వరకు సరిచేసి అప్‌లోడ్ చేయొచ్చు, దానికీ ఒక మర్యాద ఉంది. ముందు చెప్పాలి, కొన్ని రోజులు ఆగాలి, అవసరమైనంతే ముట్టుకోవాలి. ఇల్లు సర్దిపెట్టకూడదు. మనిషి మీద అధికారం లేకపోయినా, ప్యాకేజీ మీద నియమం ఉంది. బాసు చేసే పని చాలావరకు ఆ నియమమే చేస్తోంది.

ఎగువవాళ్ళకి ఈ నీరటికాళ్ళంటే ఎప్పుడూ ప్రేమే ఉంటుందనుకోకండి. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రాసిన జేమీ జవిన్‌స్కీ 2016లో బహిరంగంగానే కోప్పడ్డాడు. డెబియన్ స్టేబుల్‌లో తన ప్రోగ్రాం పాత వర్షన్ ఏళ్ళ తరబడి ఉండిపోతోంది, ఎప్పుడో సరిచేసిన బగ్గుల గురించి జనం ఇప్పటికీ తనకే రాస్తున్నారు అని ఆయన బాధ. అందుకే ప్రోగ్రాంలోనే "ఈ వర్షన్ చాలా పాతది" అని వాడుకదారుకి కనిపించే హెచ్చరిక పెట్టాడు. డెబియన్‌లో కొందరు ఆ హెచ్చరికని తీసేద్దామన్నారు. అలాగైతే నా ప్రోగ్రాంనే మీ భాండాగారంలోంచి తీసేయండి అన్నాడాయన. నా మొగ్గు డెబియన్ వైపే, మా మేనేజరుకి స్థిరంగా నడిచే సర్వర్ కావాలి కాబట్టి. కానీ ఆయన మాటలో న్యాయం లేదనలేను. ఇంకొకరు ఎప్పుడో ఆపేసిన నీటికి ఎగువవాడు జవాబు చెప్పుకోవాల్సి రావడం చిరాకే.

ఎగువ కోడ్‌ని ముట్టుకునే అధికారం ఎంత ప్రమాదమో డెబియన్ 2008లో తెలుసుకుంది. అంతకు రెండేళ్ళ ముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చే లైబ్రరీ) ప్యాకేజీని చూసే మెయింటెయినర్‌కి ఒక ఇబ్బంది వచ్చింది. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే పనిముట్టు ఆ లైబ్రరీలో రెండు లైన్ల మీద పదే పదే ఫిర్యాదు చేస్తోంది. విలువ నింపని మెమరీని వాడుతున్నారు అని. అతను అజాగ్రత్తగా ఏమీ చేయలేదు. ఎగువవాళ్ళ చర్చా వేదికలో అడిగాడు, గట్టిగా వద్దన్నవాళ్ళు లేరు. ఆ రెండు లైన్లనీ కామెంట్ చేసి పక్కన పెట్టాడు.

అందులో ఒకటి పోయినా నష్టం లేదు. రెండోది మాత్రం రహస్య కీలు తయారు చేయడానికి కావలసిన యాదృచ్ఛికతని లోపలికి కలిపే లైను. అది పోవడంతో మిగిలింది ఆ ప్రోగ్రాం ప్రాసెస్ నంబరు ఒక్కటే. లినక్స్‌లో అది అప్పట్లో 32,768 దాటేది కాదు. అంటే కోటానుకోట్ల అవకాశాల్లోంచి పుట్టాల్సిన కీ, ప్రతి రకానికీ 32 వేల చిల్లర అవకాశాల్లోంచి పుడుతోంది. వాటన్నిటినీ ముందే తయారు చేసి పెట్టుకుంటే తాళం తీయడం ఎంతసేపు? లూసియానో బెల్లో అనే డెబియన్ డెవలపర్ దీన్ని పట్టుకున్నాడు. 2008 మే 13న ప్రకటన వెలువడింది. ఉబుంటుతో సహా ఆ ప్యాకేజీ మీద తయారైన కీలన్నీ పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది. సవరణ వేసుకుంటే సరిపోలేదు, అప్పటికే పుట్టిన కీలు లోకమంతా చెల్లాచెదురుగా ఉన్నాయి.

అప్పటి నుంచి ఎగువకి పంపని అతుకు (ప్యాచ్, అంటే ఎగువ కోడ్‌లో మెయింటెయినర్ చేసే మార్పు) అనుమానించదగ్గ అతుకు అన్న మాట ఈ సమాజంలో బాగా బలపడింది. అయినా అతుకులు తప్పవు. 2024లో దెబ్బ మళ్ళీ ఒక అతుకు పక్క నుంచే వచ్చింది.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళని కుదించే చిన్న లైబ్రరీ. దాన్ని ఫిన్లాండ్‌లో లాస్సే కాలిన్ అనే వ్యక్తి దాదాపు ఒంటరిగా నడిపేవాడు, ఖాళీ సమయంలో. జియా టాన్ పేరుతో ఒకరు 2021లో సాయం చేస్తానంటూ వచ్చి, ఓపిగ్గా రెండేళ్ళకు పైగా పనిచేసి, విడుదలలు చేసే హక్కు సంపాదించారు. ఈలోగా వేరే పేర్లతో కొందరు ఈమెయిళ్ళు రాసి కాలిన్‌ని సతాయించారు. పనులు నెమ్మదిగా జరుగుతున్నాయి, వేరేవాళ్ళకి అప్పగించరాదా అని. అలసిపోయిన మనిషిని ఎక్కడ నొక్కాలో వాళ్ళకి తెలుసు. 2024 ఫిబ్రవరి, మార్చిలలో వచ్చిన 5.6.0, 5.6.1 వర్షన్లలో దొంగ తలుపు ఉంది.

అది పనిచేసే తీరు ప్యాకేజీలు కట్టేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంది. అందరూ చూసే గిట్ కోడ్‌లో దాన్ని మేల్కొలిపే మీట లేదు. విడుదల చేసిన మూట లోపల, కట్టే దశలో నడిచే ఒక స్క్రిప్టులో ఉంది. డెబియన్‌కో ఫెడోరా రకానికో ప్యాకేజీ కడుతున్నారని గమనిస్తేనే మేలుకుంటుంది. దాని గురి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్. నిజానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కి ఎక్స్‌జెడ్‌తో సంబంధం లేదు. సర్వర్ సిద్ధమైందని సిస్టమ్‌డీకి (లినక్స్‌లో సేవలన్నిటినీ మొదలుపెట్టి చూసుకునే ప్రోగ్రాం) చెప్పడానికి డెబియన్ లాంటివాళ్ళు ఒక అతుకు వేశారు. ఆ అతుకు సిస్టమ్‌డీ లైబ్రరీని లాక్కొచ్చింది, అది ఎక్స్‌జెడ్‌ని లాక్కొచ్చింది. మార్చి చివర్లో ఎవరో డెబియన్ బగ్ ట్రాకర్‌లో 5.6.1ని త్వరగా తీసుకోండి అని అర్జీ కూడా పెట్టారు.

బయటపెట్టింది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. డెబియన్ సిడ్ ఉన్న మెషీన్ మీద వేగం కొలుస్తుంటే, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. చాలామందిమి ఆ అర సెకనుని నెట్‌వర్క్ మీదకి తోసి టీ తాగడానికి వెళ్ళిపోయేవాళ్ళం. ఆయన తవ్వాడు. మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికి ఆ నీరు సిడ్‌లోకి, టెస్టింగ్‌లోకి వచ్చింది గానీ స్టేబుల్ తూము దాటలేదు. పాత వర్షన్ అని జనం విసుక్కునే ఆ ఆలస్యమే మన పొలాల్ని కాపాడింది.

సరిచేసిన తీరులో ఒక చిన్న ముచ్చట ఉంది. ప్యాకేజీ వర్షన్ నంబరు వెనక్కి పోకూడదు, పోతే మెషీన్లు దాన్ని అప్‌డేట్‌గా గుర్తించవు. 5.6.1 నుంచి 5.4.5కి దిగాలి, కానీ నంబరు పైకే వెళ్ళాలి. అందుకని పెట్టిన నంబరు 5.6.1+రియల్లీ5.4.5-1. పేరుకి అదీ, నిజానికి ఇదీ అని. తర్వాత ఆ సిస్టమ్‌డీ అతుకు కూడా లైబ్రరీ అవసరం లేకుండా మారింది.

ఇన్ని జరిగాక ఎవరైనా అడిగేది, వీళ్ళకి జీతాలిస్తే పోలేదా అని. 2006లో ఆ ప్రయత్నమూ జరిగింది. డంక్-ట్యాంక్ పేరుతో విరాళాలు పోగుచేసి, విడుదల సమయానికి రావాలని ఇద్దరు రిలీజ్ మేనేజర్లకి కొన్నాళ్ళు డబ్బు ఇచ్చారు. డెవలపర్లలో కొందరికి ఒళ్ళు మండింది. ఒకరికి జీతం ఇస్తే ఊరికే చేసే మేమేం కావాలి అని పని తగ్గించేశారు. డిసెంబరు 2006కి అనుకున్న విడుదల ఏప్రిల్ 2007లో వచ్చింది. ఆలస్యానికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ ఆ చేదు చాలాకాలం ఉండిపోయింది. ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. చాలామంది డెవలపర్లకి వాళ్ళ కంపెనీలే ఈ పనికి సమయం ఇస్తున్నాయి. పాత విడుదలలకి భద్రతా సవరణలు కొనసాగించే ఎల్‌టీఎస్ పనికి కంపెనీల డబ్బు వస్తోంది, ప్రాజెక్టు ఖజానా నుంచి కాకుండా పక్కదారిన. డెబియన్ మాత్రం తనంతట తాను డెవలపర్లకి జీతం ఇవ్వదు. అది సరైనదా అంటే నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఎక్స్‌జెడ్ కాలిన్‌కి డబ్బు కంటే ముందు ఇంకొక నమ్మకస్తుడు కావాలి, దొరికింది మాత్రం జియా టాన్.

మన లిపి సంగతీ చెప్పాలి. డెబియన్‌లో తెలుగు అక్షరాలు కనబడటానికి ఫాంట్స్-లోహిత్-తెలు అని ఒక ప్యాకేజీ ఉంది. చివర "గు" ఎక్కడికి పోయిందని నవ్వొచ్చు, అంతర్జాతీయంగా మన లిపికి ఇచ్చిన నాలుగక్షరాల ఇంగ్లీషు కోడ్ అంతవరకే. ఆ ఫాంటుకి కూడా ఒక కంట్రోల్ ఫైలుంది, ఒక కాపీరైట్ ఫైలుంది, ఛేంజ్‌లాగ్ చివర ఈమెయిల్‌కీ తేదీకీ మధ్య రెండు ఖాళీలున్నాయి. ఎవరో కూర్చుని పెట్టినవే.

మేనేజర్‌కి ఇదంతా ఒక కాఫీలో చెప్పలేకపోయాను. ఆడిట్‌వాళ్ళకి డెబియన్ భద్రతా ప్రకటన పంపాం, ఎర్ర పెట్టె పచ్చగా మారింది. ఆ సాయంత్రం నా ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎన్‌పీపీ-అలర్ట్ అనే ఆదేశం నడిపాను. మన మెషీన్‌లో ఉన్న ప్యాకేజీల్లో ఏవేవి యజమాని కోసం చూస్తున్నాయో అది చెబుతుంది. లైను మొదట్లో ఓ అని ఉంటే అనాథ అని అర్థం. ఆర్‌ఎఫ్‌ఏ అంటే ఉన్న మెయింటెయినర్ దత్తతకి మనిషిని వెతుకుతున్నాడని, ఆర్‌ఎఫ్‌హెచ్ అంటే వదలడం లేదు గానీ సాయం అడుగుతున్నాడని. స్క్రీన్ నిండా లైన్లు వచ్చాయి. రోజూ వాడేది ఒకటి కనబడింది, ముందు ఓ అని ఉంది. దాని బగ్గుల పేజీ తెరిచాను.